ఈ కోర్టు ఎవరిది?

ప్రశ్న: లాయరు గారూ, మా అబ్బాయి టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ ఎన్నికలప్పుడు ఇళ్ళ ముందు గడ్డిలో ‘ఫలానా ఆయన్ని జడ్జిగా గెలిపించండి’ అని బోర్డులు పాతుతారట! స్టేట్ కోర్టులు వేరు, ఫెడరల్ కోర్టులు వేరు అని కూడా చెప్పాడు. ‘మన విశాఖ జిల్లా కోర్టు రాష్ట్రానిదా, కేంద్రానిదా అమ్మా?’ అనడిగితే నాకు తెలియలేదు. ‘జీతాలిచ్చేది రాష్ట్రమే కాబట్టి రాష్ట్రానిదే’ అంటారు మా ఆయన. నిజమేనా?
– ఒక పాఠకురాలు, మధురవాడ

జవాబు: అమ్మా, మీవారు చెప్పింది సగం నిజం. కోర్టుల్లో తిరిగేవాళ్ళలోనూ చాలామంది ఆ సగం దగ్గరే ఆగిపోతారు.

జిల్లా జడ్జిని నియమించేది గవర్నరు, అదీ హైకోర్టుతో సంప్రదించాకే. జీతం రాష్ట్ర ఖజానాదే. కానీ కింది కోర్టుల జడ్జీల పోస్టింగులు, ప్రమోషన్లు, సెలవులు, తప్పు చేస్తే విచారణ అన్నీ హైకోర్టు చేతిలో ఉంటాయి. జడ్జి గారి సెలవు చీటీ మీద కలెక్టరు గారు సంతకం పెట్టలేరు, మంత్రి గారూ పెట్టలేరు. హైకోర్టు జడ్జీల సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. నియమించేది రాష్ట్రపతి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ జీతం రాష్ట్ర ఖజానా నుంచి, రిటైరయ్యాక పింఛను కేంద్ర ఖజానా నుంచి. ఇప్పుడు చెప్పమనండి మీవారిని, ఆ జడ్జి గారు ఎవరి మనిషో!

కింది కోర్టు నుంచి పైకోర్టుకి మెట్లు మెట్లుగా వెళ్ళే దారిని నిచ్చెన అనుకోండి. మీ అబ్బాయి ఉన్నచోట అలాంటివి రెండు. టెక్సాస్ రాష్ట్రం నిచ్చెనకి పైమెట్టు మీద రెండు కోర్టులున్నాయి, సివిల్ కేసులకొకటి, క్రిమినల్ కేసులకొకటి. ఆ జడ్జీలు ఓట్లడిగి గెలవాలి. పక్కనే ఫెడరల్ నిచ్చెన. అక్కడి జడ్జీలను అధ్యక్షుడు ప్రతిపాదిస్తే సెనేట్ ఒప్పుకోవాలి. ఆ తర్వాత వాళ్ళకి రిటైర్మెంట్ వయసంటూ లేదు.

మనకి ఒకటే నిచ్చెన. మన కోర్టులో ఏదో ఒక మేజిస్ట్రేట్ గారి హాల్లో ఓ గంట కూర్చోండి. బంట్రోతు ముందు చెక్ బౌన్స్ కేసు పిలుస్తాడు, అది పార్లమెంటు చేసిన చట్టం. దాని వెనకే సారా కేసు పిలుస్తాడు, అది రాష్ట్ర చట్టం. అదే బల్ల, అదే జడ్జి, అదే ఫ్యాను. ఏ ప్రభుత్వం చేసిన చట్టమని ఎవరూ గది మారరు.

ఇది మన ఊరికి ఎంత అక్కరకొచ్చిందో ఒక ఓడ కథ చెబుతుంది. 1984లో ‘ఎం.వి. ఎలిజబెత్’ అనే విదేశీ ఓడ గోవాలోని మార్మగోవా రేవులో సరుకెత్తుకుని, బిల్ ఆఫ్ లేడింగ్, అంటే సరుకు ఎక్కించుకున్నట్టు ఓడవాళ్ళిచ్చే రసీదు, ఇవ్వకుండానే వెళ్ళిపోయింది. సరుకు తాలూకు గోవా కంపెనీ లబోదిబోమంది. తర్వాత అదే ఓడ విశాఖ హార్బరుకి వచ్చింది. కంపెనీ వాళ్ళు అప్పట్లో హైదరాబాదులో ఉన్న మన హైకోర్టుకి వెళ్ళి ఓడని అరెస్టు చేయించారు. ఓడని అరెస్టు చేయడమంటే సంకెళ్ళు వేయడం కాదు లెండి. ఆర్డరు అమలైతే రేవు దాటి కదలనివ్వరు, అంతే. నేనప్పుడు ఏయూలో లా చదువుతున్నాను. ‘ఓడ మీద దావా ఏమిట్రా!’ అని టీ కొట్టు దగ్గర నవ్వుకున్నాం.

ఓడ యజమాని వాదన గట్టిదే. బ్రిటిష్‌వాళ్ళ చట్టాలు ఓడల్ని పట్టుకునే అధికారం కలకత్తా, బొంబాయి, మద్రాసు హైకోర్టులకే ఇచ్చాయి, ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకి ఆ అధికారం ఎక్కడిదన్నాడు. 1992లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. రాజ్యాంగం కింద ఏర్పడ్డ హైకోర్టు ఉన్నత న్యాయస్థానం, చట్టం అడ్డు చెప్పనంత వరకు ఆ అధికారం దానికీ ఉంటుందని తేల్చింది. 2017లో ఓడల తగాదాల కోసం పార్లమెంటు చేసిన అడ్మిరాల్టీ చట్టంలో తీర రాష్ట్రాల హైకోర్టుల పేర్లు విడిగా రాశారు, అందులో మనదీ ఉంది. ఇదే అమెరికాలో అయితే ఓడని పట్టుకోవడానికి స్టేట్ కోర్టు పనికిరాదు, ఫెడరల్ కోర్టు మెట్లే ఎక్కాలి.

అలాగని మన నిచ్చెనకి కొమ్మలు లేవనుకోకండి. నేను దెబ్బతిన్నది వాటి దగ్గరే. 1998లో ఒక కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి ఇంక్రిమెంటు గొడవతో నా దగ్గరికొచ్చారు. నేను హుషారుగా హైకోర్టులో వేయమని రిట్ పిటిషన్ రాసి, కట్ట కుట్టించి, మా గుమాస్తా చేతికిచ్చి హైదరాబాదు పంపాను. మూడో రోజు గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ఆయనా వచ్చాడు, కట్టా వచ్చింది. పైన పెన్సిలుతో ఒకే ముక్క: ‘ముందు క్యాట్‌కి వెళ్ళాలి’. క్యాట్ అంటే కేంద్ర ఉద్యోగుల సర్వీసు తగాదాలు వినే ట్రిబ్యునల్. 1997లో చంద్రకుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా అదే, ముందు ట్రిబ్యునల్‌లో తేల్చుకోండి, ఆ తీర్పు నచ్చకపోతే అప్పుడు హైకోర్టుకి రండి అని. తీర్పొచ్చి ఏడాది దాటినా నేను చదవలేదు! క్లయింటుకి ఫీజు వెనక్కిచ్చాను. రైలు ఛార్జీ మాత్రం గుమాస్తా వదల్లేదు.

ప్రశ్న: మా అత్తవారిది సాలూరు దగ్గర. కొటియా ఊళ్ళు ఒడిశావా, మనవా అని ఎప్పుడూ గొడవే. రెండు రాష్ట్రాలు కొట్టుకుంటే ఏ కోర్టు వింటుంది?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: నేరుగా సుప్రీంకోర్టే, 131వ అధికరణం కింద. మన హైకోర్టు వింటే ఒడిశా నమ్మదు, వాళ్ళది వింటే మనం నమ్మం. ఈ కొటియా గొడవ మీదే ఒడిశా 1968లో ఢిల్లీ మెట్లెక్కింది. హద్దు మాత్రం ఇప్పటికీ తేలలేదు. రెండు రాష్ట్రాల రేషన్ కార్డులూ దగ్గర పెట్టుకున్న కుటుంబాలు అక్కడున్నాయి. వాళ్ళని నేను తప్పుపట్టను.

నదుల నీళ్ళ దగ్గర మాత్రం దారి వేరు. 262వ అధికరణం, 1956 నాటి చట్టం ఆ తగాదాలను ట్రిబ్యునల్‌కి అప్పగించాయి. మన పక్కనున్న వంశధారనే చూడండి. ట్రిబ్యునల్ 2010లో ఏర్పడింది, తీర్పు 2017లో వచ్చింది. ఏడేళ్ళని నిట్టూర్చకండి, మా కోర్టులో పక్కింటి గోడ కేసులు అంతకంటే ఎక్కువే పడుతున్నాయి.

ప్రశ్న: స్థలం దావాలో కింది కోర్టులో ఓడి, జిల్లా కోర్టులో అప్పీలూ పోగొట్టుకున్నాను. అమరావతి మానేసి నేరుగా సుప్రీంకోర్టుకి వెళ్ళొచ్చా?
– ఒక పాఠకుడు, పెందుర్తి

జవాబు: వద్దు బాబూ. ముందు హైకోర్టులో రెండో అప్పీలు వేయండి. అక్కడ కూడా చట్టానికి సంబంధించిన గట్టి ప్రశ్న ఉంటేనే వింటారు, సాక్షి అబద్ధమాడాడంటే కుదరదు. సుప్రీంకోర్టు ఆ తర్వాతి మాట, అదీ వాళ్ళు అనుమతిస్తేనే. జిల్లా కోర్టు తీర్పు తేదీ చూసుకోండి, రెండో అప్పీలుకి గడువు తొంభై రోజులే. సర్టిఫైడ్ కాపీకి ఇంకా దరఖాస్తు పెట్టకపోతే రేపు పొద్దున్నే పెట్టండి.