రీల్ మీద తెలుగు అక్షరం నిలబడాలంటే

చిరంజీవి సరయుకి, ఆశీస్సులు.

రీల్స్ వీడియోల మీద తెలుగు అక్షరాలు ఎలా వేస్తే బాగుంటుందో రాయమన్నావు. రంగులు, యానిమేషన్ల సంగతి తర్వాత చూద్దాం. ముందుగా చూసేవాళ్ల పరిస్థితి గుర్తుపెట్టుకో. చాలామంది సౌండ్ ఆపేసి, అరచేతిలో పట్టే తెర మీద, నచ్చకపోతే పైకి తోసేయడానికి వేలు సిద్ధంగా పెట్టుకుని చూస్తారు. నువ్వు వేసిన వాక్యం వాళ్లకి ఒక్కసారే కనబడుతుంది. దానికోసం ఎవరూ వెనక్కి వెళ్లరు. పైగా ఈ వీడియో ఎడిటింగ్ యాప్‌లు ఇంగ్లీషు అక్షరాల కొలతలతో తయారయ్యాయి. వాటిలో ముందుగా ఉండే సెట్టింగులు తెలుగుకి సరిపోవు, కొన్నయితే తెలుగును విరగ్గొట్టేస్తాయి. అందుకే ఈ ఉత్తరంలో ఎక్కువ భాగం ఆ గొడవే ఉంటుంది.

యాప్ తెరవకముందే, తెర మీద రావలసిన మాటలన్నీ నోట్స్‌లో టైప్ చేసుకో. అవి మూడు రకాలుగా తేలతాయి. మొదటి రెండు మూడు సెకన్లు కనబడే శీర్షిక ఒకటి, మాట్లాడే మాటల్ని అక్షరాల్లో చూపే క్యాప్షన్లు రెండోది, వస్తువు పేరో కొలతో చెప్పే చిన్న గుర్తులు మూడోది. ఒక్కోదానికి ఒక సైజు, ఒక చోటు నిర్ణయించి, వీడియో చివరిదాకా మార్చకు. క్యాప్షన్ ఒకసారి పైన, ఒకసారి కింద వస్తే దాన్ని వెతుక్కోవడానికే సగం సమయం పోతుంది. మూడు రకాలూ ఒకేసారి తెర మీద ఉండకూడదు. రెండు ఉంటే అదే ఎక్కువ.

శీర్షిక నాలుగు నుంచి ఆరు మాటల్లో ఉండాలి, అసలు విషయం అందులోనే చెప్పేయాలి. ‘ఈ తప్పు మీరూ చేస్తున్నారా?’ అంటే ఏ తప్పో తెలియదు. ‘తడిసిన ఫోన్‌కి చార్జింగ్ పెట్టకండి’ అంటే, అవసరమున్నవాళ్లు అక్కడే ఆగుతారు. ఊరించే శీర్షికతో వచ్చినవాళ్లు విషయం ఆలస్యమయ్యేకొద్దీ విసుక్కుని వెళ్లిపోతారు. నీ మాట మీద నమ్మకం కూడా వాళ్లతోపాటే పోతుంది.

ఎంతసేపు ఉంచాలనే లెక్కలో ఇంగ్లీషు సలహాలు పాటించకు. సెకనుకు ఇన్ని పదాలని వాళ్లు చెప్పే లెక్క మనకు పనికిరాదు, ఎందుకంటే ‘తీసుకోవాల్సివచ్చినప్పుడు’ కూడా మనకు ఒక్క పదమే. వాక్యాన్ని పైకి, తొందరపడకుండా చదువు. పట్టిన సమయానికి అర సెకను కలిపితే అదే కొలత. ఎంత చిన్న మాటైనా ఒక సెకనుకి తగ్గించకు. ఒకే క్యాప్షన్‌ను ఏడు సెకన్లు దాటి ఉంచకు, అప్పటికే చదివేసినవాళ్లు మళ్లీ మొదటినుంచి చదవడం మొదలుపెడతారు. క్యాప్షన్ రెండు వరుసలు దాటకూడదు. 1080 పిక్సెళ్ల వెడల్పున్న వీడియోలో 64 పిక్సెళ్ల సైజు పెడితే వరుసకు 15 నుంచి 18 అక్షరాలు హాయిగా పడతాయి (ఒత్తు, గుణింతం కలిసిన అక్షరాన్ని ఒకటిగానే లెక్కపెట్టు). శీర్షికకి 90 నుంచి 110 పిక్సెళ్లు పెట్టు. 44కి తగ్గిన తెలుగు అక్షరం ఫోన్‌లో చదవలేం, గుర్తులకైనా సరే.

వరుస ఎక్కడ విరగాలో యాప్ నిర్ణయించకూడదు, నువ్వే ఎంటర్ నొక్కి విరువు. ‘30’ పై వరుసలో, ‘సెకన్లు’ కింది వరుసలో పడకూడదు. ‘తెరిచిన ఫైలు’ లాంటి జంటను, ‘చేసి పెట్టాలి’ లాంటి క్రియను విడదీయకు. వాక్యం నోటితో చదివేటప్పుడు ఊపిరి ఎక్కడ ఆగుతుందో అక్కడే వరుస ఆగాలి.

ఇక ఫాంట్లు. నోటో సాన్స్ తెలుగు, రామభద్ర, మండలి, బాలూ తమ్ముడు 2, అనేక్ తెలుగు, ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఓపెన్ లైసెన్సుతో ఉచితంగా దొరుకుతాయి. క్యాప్షన్లకి నోటో సాన్స్‌లో సెమీ బోల్డ్ కానీ బోల్డ్ కానీ తీసుకో. శీర్షికకి రామభద్ర బాగుంటుంది, అది పోస్టర్లు, శీర్షికల కోసం గీసిన లావు అక్షరమే. రామభద్ర, మండలి ఒకే మందంలో వస్తాయి కాబట్టి వాటి మీద యాప్‌లో ‘బి’ (బోల్డ్) బటన్ నొక్కకు. నొక్కితే ఉన్న గీతనే యాప్ ఉబ్బిస్తుంది, లోపలి ఖాళీలు పూడిపోతాయి. ఇటాలిక్ కూడా అంతే. తెలుగు ఫాంట్లలో ఇటాలిక్ ఉండడం అరుదు, బటన్ నొక్కితే వచ్చేది పక్కకి వాల్చిన అక్షరం. ఏదైనా మాట ఎత్తి చూపాలంటే రంగు మార్చు, చాలు. పాత డీటీపీ పనుల్లో వాడిన అను ఫాంట్లలో టైపు చేసిన మేటర్ ఎవరైనా ఇస్తే నేరుగా అతికించకు. అది యూనికోడ్ (ఏ ఫాంట్‌లోనైనా అక్షరం మారకుండా ఉండే సంకేత పద్ధతి) కాదు, ఫాంట్ మారగానే అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు కనబడతాయి. కన్వర్టర్‌లో యూనికోడ్‌కి మార్చి, ప్రతి వాక్యం సరిచూసుకున్నాకే వాడు.

ఏ యాప్ వాడినా మొదటిరోజే ఈ వరుస టైప్ చేసి చూడు: లక్ష్మి, స్త్రీ, రాష్ట్రం, జ్ఞానం, కృష్ణుడు, సాఫ్ట్‌వేర్. ఒత్తులు కిందకి దిగకుండా పొల్లుతో పక్కపక్కన నిలబడ్డాయంటే ఆ యాప్‌కి తెలుగు కూర్చడం రాదు. కారణం చెబుతాను, తెలిస్తే చాలా తప్పులు నువ్వే పసిగట్టగలవు. స్త్రీ అనేది మనకి ఒక అక్షరం, కంప్యూటర్ దాచుకునేది మాత్రం ఆరు సంకేతాలుగా: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఫాంట్‌లో ఉన్న నియమాలు చదివి ఈ ఆరింటినీ ఒక్క ఆకారంగా కలిపే పని సాఫ్ట్‌వేర్‌ది. ఆ పని చేయని యాప్‌లో ఎంత మంచి ఫాంట్ పెట్టినా లాభం లేదు. అలాంటప్పుడు ఫాంట్లు మారుస్తూ కాలం వృథా చేయకు. తెలుగు సరిగ్గా వచ్చే వేరే యాప్‌లో ఆ వాక్యం రాసి, వెనక రంగు లేని పీఎన్‌జీ బొమ్మగా సేవ్ చేసి, వీడియో మీద పొరగా పెట్టు. కంప్యూటర్లో ప్రీమియర్ ప్రో వాడితే, ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్ కింద టెక్స్ట్ ఇంజిన్ ఎంపిక కనబడిన వెర్షన్లలో దాన్ని సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్‌కి మార్చు.

ఆ పరీక్ష వరుసలో సాఫ్ట్‌వేర్ కావాలనే పెట్టాను. ట మీద పొల్లు నిలవాలంటే దాని తర్వాత కంటికి కనబడని ఒక గుర్తు ఉండాలి, దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. అది లేకపోతే వకారం ఒత్తుగా మారి ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. కొన్ని యాప్‌లు ఆ గుర్తు ఉన్నచోట ఖాళీ డబ్బా చూపిస్తాయి. అలా వస్తే ‘సాఫ్ట్ వేర్’ అని విడదీసి రాయడమే దారి.

టైప్‌రైటర్ యానిమేషన్ తెలుగుకి ఎందుకు పనికిరాదో ఇప్పుడు నీకే తెలుస్తుంది. అది సంకేతాలను ఒక్కొక్కటిగా బయటపెడుతుంది, కాబట్టి స్త్రీ అనే మాట స, స్, స్త, స్త్, స్త్ర అంటూ ఆకారాలు మార్చుకుంటూ వస్తుంది. చదివేవాళ్ల కన్ను ప్రతిసారీ తడబడుతుంది. పదం పదంగా వచ్చేదో, వరుసంతా ఒకేసారి 0.2 సెకన్లలో తేలేదో ఎంచుకో. అక్షరాలు మిణుకుమిణుకుమనేలా పెట్టాలనిపిస్తే, సెకనుకి మూడుసార్లు దాటి వెలిగి ఆరకూడదని వెబ్ యాక్సెసిబిలిటీ ప్రమాణాలు (చూపు, వినికిడి లాంటి ఇబ్బందులున్నవాళ్లకీ వెబ్ అందేలా పెట్టిన నియమాలు) చెబుతున్నాయి. మూర్ఛ వ్యాధి ఉన్నవాళ్లకి అది నిజంగా ప్రమాదం.

వరుసల మధ్య ఎడం అక్షరం సైజుకి 1.2 రెట్ల దగ్గర ఉంటే దాన్ని 1.5 రెట్లు చెయ్యి. మన అక్షరాలకి పైన గుళ్లు, కింద ఒత్తులు ఉంటాయి. ఎడం చాలకపోతే పై వరుస ఒత్తు కింది వరుస గుడిలోకి దిగబడుతుంది. అక్షరాల మధ్య ఎడాన్ని మాత్రం సున్నాలోనే ఉంచు, పెంచితే కొన్ని యాప్‌లలో ఒత్తు తన అక్షరాన్ని వదిలి పక్కకి జరుగుతుంది. వెనక రంగు డబ్బా పెట్టినప్పుడు ‘కృష్ణుడు’ కింది అంచు తెగుతోందేమో చూసుకో.

తెల్ల అక్షరానికి నల్ల అంచు పెట్టడం మంచిదే, 64 పిక్సెళ్ల అక్షరానికి నాలుగు నుంచి ఆరు పిక్సెళ్లు సరిపోతుంది. అంతకు మించితే మనకి వేరే నష్టం ఉంది. ద-ధ, ప-ఫ, డ-ఢ జంటల్లో తేడా అంతా కిందుండే చిన్న గీతలోనే ఉంది. లావు అంచు ఆ గీతను మింగేస్తుంది. అంచు అక్షరం వెనక పడాలి, ముందు కాదు. యాప్‌లో ఆ ఎంపిక ఉంటే తప్పకుండా వాడు. వెనక దృశ్యం గందరగోళంగా ఉంటే అంచుని నమ్ముకోకుండా 60 నుంచి 70 శాతం చిక్కదనం ఉన్న నల్ల డబ్బా వెయ్యి. ఇందాక చెప్పిన వెబ్ యాక్సెసిబిలిటీ ప్రమాణాల ప్రకారం అక్షరానికీ వెనక రంగుకీ కాంతి నిష్పత్తి 4.5:1, పెద్ద అక్షరాలకి 3:1 ఉండాలి. ఉచితంగా దొరికే కాంట్రాస్ట్ చెకర్‌లో రెండు రంగుల కోడ్‌లు ఇస్తే చెప్పేస్తుంది.

నల్లటి నేపథ్యం మీద ఎర్రటి సన్నని అక్షరాలు ఎడిటింగ్‌లో బాగుండి, పోస్ట్ చేశాక అలికినట్టు అవుతాయి. అది ఫాంట్ లోపం కాదు. మామూలుగా వాడే వీడియో కుదింపులో (ఫైలు సైజు తగ్గించడంలో) వెలుగు సమాచారం పూర్తిగా ఉంటుంది, రంగు సమాచారం మాత్రం అడ్డంగా సగం, నిలువుగా సగమే దాస్తారు. తెలుపు, పసుపు నలుపు మీద వెలుగు తేడాతోనే తెలుస్తాయి కాబట్టి అంచులు పదునుగా నిలుస్తాయి. ఎరుపు, నీలం రంగు మీదే ఆధారపడతాయి కాబట్టి చెదిరిపోతాయి. ఎరుపు కావాలనుకుంటే ఎర్ర డబ్బా మీద తెల్ల అక్షరం వెయ్యి.

చోటు విషయం సులువే, అయినా ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. 1080 × 1920 తెరలో కింద ఖాతా పేరు, వివరణ, కుడిపక్క లైక్, షేర్ గుర్తులు వచ్చి కూర్చుంటాయి. రీల్స్ ప్రకటనలకి ఇన్‌స్టాగ్రామ్ యజమాని సంస్థ మెటా చెప్పే కొలత పైన 14 శాతం, కింద 35 శాతం, పక్కల 6 శాతం ఖాళీ. పిక్సెళ్లలో సుమారు 270, 670, 65. మామూలు వీడియోలకీ అదే పాటించు. అంటే శీర్షిక పైనుంచి 300 దగ్గర మొదలవ్వాలి, క్యాప్షన్ అడుగు 1250 దాటకూడదు. మధ్యలో ముఖం ఉంటే దాని మీద పడనివ్వకు. ప్రొఫైల్ పేజీలో కవర్ పైనా కిందా కత్తిరించి కనబడుతుంది, కాబట్టి కవర్ బొమ్మ మీద రాసే మాటల్ని నడిమికి తెచ్చుకో.

క్లిప్పుల కోత పూర్తిగా ముగిశాకే అక్షరాలు వెయ్యి. ముందే వేసి, తర్వాత మధ్యలో రెండు సెకన్లు తీసేస్తే అక్కడినుంచి క్యాప్షన్లన్నీ మాటతో తప్పిపోతాయి. టెక్స్ట్ జోడించగానే చాలా యాప్‌లు దాన్ని వీడియో పొడవునా పరుస్తాయి. కింద టైమ్‌లైన్‌లో ఆ పట్టీని నొక్కి రెండు చివరలూ లాగి కుదించకపోతే, వాక్యాలన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. మాట మొదలయ్యే క్షణానికే క్యాప్షన్ రావాలి. దృశ్యం మారేచోట క్యాప్షన్ కూడా మారితే కంటికి ఇబ్బంది ఉండదు.

ఆటోమేటిక్ క్యాప్షన్లు టైపు చేసే శ్రమ తగ్గిస్తాయి, దిద్దే బాధ్యత మాత్రం నీదే. పేర్లు, అంకెలు, మధ్యలో వచ్చే ఇంగ్లీషు మాటల దగ్గర అవి తప్పుతాయి. అన్నిటికంటే ‘చేయండి’, ‘చేయకండి’ మీద కన్నేసి ఉంచు, ఒక్క ‘క’ జారిపోతే సలహా తలకిందులవుతుంది. ఎస్ఆర్‌టీ ఫైల్ (క్యాప్షన్లు, వాటి సమయాలు ఉండే టెక్స్ట్ ఫైల్) నువ్వే రాస్తే సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 ఉండాలి. ఏఎన్ఎస్ఐ అనే పాత ఎన్‌కోడింగ్‌లో సేవ్ చేస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలవుతుంది. సమయాన్ని 00:00:03,500 అని రాయాలి. సెకన్ల తర్వాత వచ్చేది కామా, చుక్క కాదు.

చిత్రీకరణప్పుడు ఫోన్‌లో హెచ్‌డీఆర్ వీడియో (వెలుతురు, చీకటి తేడాని ఎక్కువగా చూపే పద్ధతి) ఆపేసుకో. అది ఉంటే దృశ్యంలో వెలుతురు మెరిసిపోయి, పక్కనే నీ తెల్ల అక్షరం బూడిద రంగులో కనబడుతుంది. ఎగుమతి హెచ్.264 (వీడియోను కుదించే పద్ధతి), 1080 × 1920, సెకనుకి 30 ఫ్రేములు, 10 నుంచి 15 ఎంబీపీఎస్ (సెకనుకి మెగాబిట్లు) చాలు. ఇన్‌స్టాగ్రామ్ సెట్టింగ్స్‌లో అత్యుత్తమ నాణ్యతతో అప్‌లోడ్ చేసే ఎంపిక ఆన్ చేసుకో. ఒకచోట పోస్ట్ చేసిన వీడియోను డౌన్‌లోడ్ చేసి ఇంకోచోట పెట్టకు, ప్రతి కుదింపులోనూ సన్న గీతలు కొన్ని పోతాయి. అక్షరాలు లేని వీడియో కాపీ ఒకటి, ప్రాజెక్ట్ ఫైల్ ఒకటి తప్పకుండా దాచుకో. పోస్ట్ చేశాక వివరణ దిద్దవచ్చు కానీ వీడియోలో కలిసిపోయిన అక్షరదోషాన్ని ఎవరూ దిద్దలేరు, తీసేసి మళ్లీ పెట్టడమే.

అలా కలిసిపోయిన అక్షరాలను చూపులేనివాళ్ల ఫోన్‌లో తెర మీది మాటల్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ చదవలేదు. కాబట్టి కొలతలు, హెచ్చరికలు తెర మీద మాత్రమే చూపించి ఊరుకోకు. నోటితో కూడా చెప్పు, వివరణలోనూ రాయి. ఇది నాకు చాలా ముఖ్యం అమ్మా, దీన్ని ఎప్పుడూ వదిలిపెట్టకు.

పోస్ట్ చేసేముందు ఫోన్ వెలుతురు సగానికి తగ్గించి, సౌండ్ ఆపి, చెయ్యి చాచినంత దూరంలో పెట్టి ఒకసారి చూడు. తర్వాత ఆ వీడియో ఇదివరకు చూడని ఎవరికైనా చూపించి, అక్షరాలను పైకి చదవమను. ఎక్కడ తడబడితే అక్కడ మాటలు తగ్గించు, సమయం పెంచడం ఆ తర్వాత.

మొదటి వీడియో సిద్ధమయ్యాక నాకు పంపు. వాట్సాప్‌లో అయితే డాక్యుమెంట్‌గా పంపు, మామూలుగా పంపితే అది కుదించేస్తుంది, అక్షరాల అంచులు ఎలా వచ్చాయో నేను చెప్పలేను.

ఇట్లు,
మీ పెద్దమామయ్య