ఫాంటమ్ బొమ్మల కోసం బయలుదేరిన మేనల్లుడికి

చిరంజీవి నానీకి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన జాబితా చూశాను. మన దేశంలో వచ్చిన బొమ్మల కథల పత్రిక ఇంద్రజాల్ కామిక్స్‌లో, అడవిలో ఉండే ముసుగు వీరుడు ఫాంటమ్ సంచికలన్నీ వరుసగా రాసి, ఉన్నవాటికి టిక్కు పెట్టి, లేనివి ఎక్కడ దొరుకుతాయో చెప్పమన్నావు. చెబుతాను గానీ, ఆ కాగితం అడుగున చిన్న అక్షరాలతో ఇంకో మాట రాశావే, కథలకన్నా ఆ బొమ్మలు వేసినాయనంటేనే ఇష్టమనీ, ఇన్నేళ్లయినా ఆయన పేరు తెలీదనీ! నాకు పనికొచ్చిన మాట అదీ. నంబర్లు పూర్తి చేసుకునేవాడి దారి వేరు, బొమ్మ గీసిన చేతిని వెతుక్కునేవాడి దారి వేరు. నీది రెండోదని నా అనుమానం. కాబట్టి డబ్బు తీయకముందే ఈ ఉత్తరం చదువు.

ఆయన పేరు సై బ్యారీ. అమెరికావాడు. 1961 నుంచి 1994 దాకా ఫాంటమ్ దినపత్రిక స్ట్రిప్పు, అంటే పేపర్లో రోజూ కొన్ని గళ్లుగా వచ్చే బొమ్మల కథ, ఆయన పేరు మీదే నడిచింది. కథలు లీ ఫాక్‌వి. 1936 ఫిబ్రవరి 17న మొదలుపెట్టి 1999లో పోయేదాకా రాస్తూనే ఉన్నాడాయన. అంటే సూపర్‌మ్యాన్ పుట్టడానికి రెండేళ్ల ముందే ఒంటికి అతుక్కున్న దుస్తులు, ముసుగు, ముసుగులో తెల్లటి కళ్లు ఫాంటమ్‌తో వచ్చేశాయి. మొదట బొమ్మలు వేసింది రే మూర్, ఆ తర్వాత విల్సన్ మెక్కాయ్. మెక్కాయ్ 1961లో చనిపోయాక కొన్నాళ్లు బిల్ లిగ్నాంటే వేశాడు, ఆపైన బ్యారీ చేతికి వచ్చింది. ఇంద్రజాల్ 1964 మార్చిలో మొదలైంది కాబట్టి తొలి సంచికల్లో మెక్కాయ్ బొమ్మలూ కనిపిస్తాయి. మనుషులు కాస్త బిగుసుకుపోయినట్టు, గీతలు సాదాగా ఉంటే అవి మెక్కాయ్‌వి. భుజాల్లో బరువు, అడవిలో చిక్కటి నలుపు కనిపిస్తే బ్యారీ.

ఇక్కడినుంచి జాగ్రత్తగా విను. నువ్వు ప్రేమించింది ఒక్కడినే అనుకుంటున్నావు. సంచిక చేతిలో పెట్టుకుని ఒక్కో పొర తీసి చూస్తే కనీసం నలుగురు బయటపడతారు.

ముందు అట్ట. దుకాణంలో వేలాడుతుంటే దూరంనుంచే నిన్ను లాగిన ఆ రంగుల అట్ట బ్యారీది కాదు. ఇంద్రజాల్ అట్టలు చాలావాటికి బొమ్మలు వేసింది మనవాడే, బి. గోవింద్. 1976లో రచయిత ఆబిద్ సుర్తీ ఇంద్రజాల్ కోసం బహదూర్ అనే మన దేశపు హీరోని సృష్టించినప్పుడు దానికి బొమ్మలు గీసిందీ ఆయనే. నీకు కలలో కూడా గుర్తున్న బొమ్మ అట్ట మీదిదైతే, నీ అభిమానంలో సగం గోవింద్‌కి బాకీ ఉన్నావు. మన దేశంలో ఆయన గురించి రాసినవాళ్లు తక్కువ, అది నాకు ఎప్పుడూ కొరతే.

తర్వాత రంగు. రోజువారీ స్ట్రిప్పు బ్యారీ గీసింది తెలుపు నలుపుల్లో. మనం చూసిన రంగులు ఇక్కడ సంచిక వేసేటప్పుడు అద్దినవి. అసలు లీ ఫాక్ మనసులో ఆ దుస్తుల రంగు బూడిద. 1939లో ఆదివారం రంగుల పేజీ మొదలైనప్పుడు ఊదా వచ్చి కూర్చుంది. స్వీడన్ పిల్లలకు ఫాంటమ్ నీలం, ఇటలీ పిల్లలకు ఎరుపు. మన మూడు దేశాల పిల్లల్ని ఒకచోట కూర్చోబెడితే కొట్టుకు చచ్చేవాళ్లు.

ఆ తర్వాత పేజీ కూర్పు. పేపర్లో రోజుకు రెండు మూడు గళ్లు అడ్డంగా వచ్చేవి. వాటిని సంచిక పేజీకి సరిపడేలా కత్తిరించి, పేర్చి, మాటలు కుదించి మనకిచ్చారు. పేర్లూ మార్చారు, ఫాంటమ్ ఉండే దేశం అక్కడ బంగల్లా, మనకు డెంకాలీ అయింది. ఏ బొమ్మ పక్కన ఏ బొమ్మ ఉండాలన్న బ్యారీ లెక్క చాలాచోట్ల మన చేతికి రానేలేదు.

చివరికి గీత కూడా ఆయన ఒక్కడిదే కాదు. దినపత్రిక స్ట్రిప్పంటే ఏడాది పొడుగునా సెలవు లేని చాకిరీ. వారానికి ఆరు రోజువారీలు, అవి చాలక ఆదివారం పేజీకి వేరే కథ. సహాయకులు లేకుండా ఎవరివల్లా కాదు. జార్జ్ ఓలెసెన్ ఏళ్ల తరబడి పెన్సిల్ పని చేశాడు, ఆంద్రే లెబ్లాంక్, జో జియెల్లా లాంటి వాళ్లూ చెయ్యి వేశారు. బ్యారీ తప్పుకున్నాక స్ట్రిప్పును కొనసాగించింది కూడా ఓలెసెనే, సిరా పనికి, అంటే పెన్సిల్ గీతల మీద సిరాతో తుదిగీత దిద్దడానికి, కీత్ విలియమ్స్ తోడయ్యాడు. ఇది తెలిసి కొందరు అభిమానులు మోసపోయినట్టు మొహం పెడతారు. నువ్వు అలా పెట్టకు. నలుగురు గీసినా ఒకే చేయిలా కనిపించేలా నడిపించడం కూడా చిత్రకారుడి పనే.

మరి బ్యారీ సొంతమేది? సిరా. ఫాంటమ్‌కి రాకముందు డీసీ కామిక్స్‌లో ఇతరుల పెన్సిల్ బొమ్మలకు సిరా అద్దిన మనిషి ఆయన. అన్న డాన్ బ్యారీ ఫ్లాష్ గోర్డన్ అనే మరో స్ట్రిప్పు వేస్తుంటే అక్కడా పని నేర్చాడు. కాబట్టి ఆయన్ని వెతకాల్సింది నలుపులో. ఒక సంచిక తీసుకో. మొదటిసారి మాటలు చదవకు, బెలూన్లు లేనట్టే తిప్పు. ఫాంటమ్ ఉండే పుర్రె గుహ లోపల దీపం వెలుగు ఎటునుంచి పడుతోంది, సింహాసనం వెనక నీడ ఎక్కడ ఆగిపోయింది, ఆకుల గుంపును ఒక్కో ఆకుగా గీశాడా, లేక ముద్దనలుపు వేసి అంచుల్లో మాత్రం ఆకుల్ని చూపించాడా, ఇవి చూడు. పేపర్లో అచ్చు పడేసరికి బొమ్మ బాగా చిన్నదైపోతుంది, సన్నగీతలు కలిసిపోతాయి. ఎక్కడ నలుపు నింపాలో తెలిసినవాడి బొమ్మే నిలబడుతుంది.

రెండోసారి ఫాంటమ్ ముఖం ఒక్కటే చూడు. కళ్లలో పాపలు లేవు, కనుబొమలు ముసుగు కింద ఉన్నాయి. కోపం, జాలి, అలసట, ప్రేయసి డయానాను చూసినప్పటి మెత్తదనం, అన్నీ దవడతోనూ పెదవి మూలతోనూ మెడ వంపుతోనూ చెప్పాలి. ఎంత కష్టమో తెలియాలంటే ట్రేసింగ్ పేపరు పెట్టి ఒక్క బొమ్మ బ్రష్షుతో దిద్దు. నీకు బొమ్మలు రావని మొరాయించకు. దిద్దుతుంటే గీత ఎక్కడ లావై ఎక్కడ సన్నబడిందో చేతికి తెలుస్తుంది, అది కంటితో ఎంతసేపు చూసినా పట్టుబడదు.

ఈ దశలో ఒక నిరాశ వస్తుంది, ముందే చెప్పి పెడుతున్నా. నీ జ్ఞాపకంలో పేజీ నిండా ఉన్న బొమ్మ, తీరా చూస్తే అగ్గిపెట్టెంత గడిలో ఉంటుంది. ఫాంటమ్ తన గుర్రం హీరో మీద కూర్చుని, తోడేలు డెవిల్ వెంట రాగా కొండ దిగే ఆ దృశ్యం ఇంతేనా అనిపిస్తుంది. సంచిక పక్కకు విసిరేయకు. అంత చిన్న గడిలోంచి నీకు అంత పెద్ద కొండ కనపడేలా చేసినవాడు ఏం చేశాడో చూడు. ముందువైపు నల్లటి కొమ్మ, మధ్యలో గుర్రం, వెనక ఖాళీగా వదిలేసిన తెలుపు. చిట్కా అంతే.

కథల సంగతి వేరు. కొన్ని ఇప్పుడు చదివితే మింగుడు పడవు. తెల్లవాడు ముసుగేసుకుని తరతరాలుగా అడవి జనాన్ని కాపాడుతుంటే వాళ్లు భక్తితో చూస్తుంటారు. పదేళ్ల వయసులో మనం దాన్ని పట్టించుకోలేదు, ఇప్పుడు పట్టించుకోకపోతే అది వయసుకు తగని పని. అయితే మొత్తం ఒకటే గాటన కట్టకు. 1960ల నుంచి అదే కథల్లో స్వతంత్ర దేశం, దానికి ఎన్నికైన నల్లజాతి అధ్యక్షుడు డాక్టర్ లువాగా వచ్చారు. నగరం, అధికారులు, ఆసుపత్రి కథలోకి వచ్చాక బ్యారీ వాళ్లకు ఎలాంటి ముఖాలిచ్చాడో, పాత బొమ్మల్లో ఊరి జనానికి ఎలాంటి ముఖాలుండేవో పక్కపక్కన పెట్టి చూడు. మీ అబ్బాయికి చదవమని ఇచ్చేటప్పుడు ఈ మాట కూడా చెప్పి ఇవ్వు.

ఇక కొనుగోళ్లు. బ్యారీ గీత చూడాలంటే ముందు కొనాల్సింది ఇంద్రజాల్ కాదు. అమెరికాలో హెర్మీస్ ప్రెస్ రోజువారీ స్ట్రిప్పులను వరుసగా సంపుటాలు వేస్తోంది, తెలుపు నలుపుల్లో, గళ్లు కత్తిరించకుండా. బ్యారీ కాలం నాటి సంపుటం ఒక్కటి తెప్పించుకో, ఒక్కటి చాలు. ఆస్ట్రేలియాలో ఫ్రూ అనే సంస్థ 1948 నుంచీ ఫాంటమ్ వేస్తూనే ఉంది, అవీ దొరికితే మంచిదే. సంపుటాన్ని మాత్రం ఒక్క బిగిన చదవకు. పూటకు ఆరు స్ట్రిప్పులు, అంటే పేపర్లో ఒక వారం. ప్రతి రోజు మొదటి గడి నిన్నటి కథ గుర్తుచేస్తుంది, ఆఖరి గడి రేపటికి కొక్కెం వేస్తుంది. గబగబా చదివితే చెప్పిందే చెబుతున్నాడని విసుగొస్తుంది. తప్పు ఆయనది కాదు, ఆ కొలతలో తినమని వండిన వంట అది.

ఇంద్రజాల్ సంచికలు కూడా కొను, నేను కాదనను. అబిడ్స్‌లో ఆదివారం పుస్తకాల బజారు తిరిగినప్పుడు, ఆన్‌లైన్‌లో కొన్నప్పుడు ఇవి చూసుకో: నడిమి కాగితం ఉందా, పిన్నులు తుప్పు పట్టి కాగితాన్ని తినేశాయా, అట్ట అసలుదా లేక కలర్ జిరాక్సా. అట్ట నునుపు, లోపలి కాగితం రంగు ఒకదానికొకటి పొసగకపోతే అనుమానించు. ఎవరో పిల్లాడు లోపల తన పేరు రాసుకుంటే దాన్ని లోపమనుకోకు, బేరం ఆడడానికి మాత్రం వాడుకో. మొదటి సంచిక కోసం ఎగబడకు. దాని ధర అరుదుదనానికి, బొమ్మలకు కాదు. నీ జాబితాలో చివర్లో కనిపించే గందరగోళం కూడా నీ తప్పు కాదు. 1980ల్లో వరుస నంబర్లు ఆపి సంపుటి, సంచిక అని వేయడం మొదలుపెట్టారు. 1990లో మొత్తానికే ఆగిపోయింది.

దాచడానికి పెద్ద శాస్త్రం అక్కర్లేదు. సెల్లోటేపు వేయకు, లామినేషన్ మాటే ఎత్తకు. పాలిస్టర్ కవరు, వెనక ఆమ్లం లేని అట్టముక్క, ఎండా చెమ్మా తగలని అర. నెలకోసారి తీసి గాలి తగలనివ్వు, చెదలు ఉన్నాయేమో చూసుకో.

ఇంకొక్కటి. జాబితాలో మెక్కాయ్ సంచికల ఎదురుగా ‘నచ్చలేదు, మార్చేసుకోవాలి’ అని రాశావు. ఇప్పుడే ఎవరికీ ఇవ్వకు. బ్యారీ నలుపుకు నీ కన్ను అలవాటు పడ్డాక వాటిని మళ్లీ తియ్యి. కథ సూటిగా నడపడంలో మెక్కాయ్ తక్కువవాడేం కాదు, ఏ గడిలో ఎవరు ఎక్కడున్నారో వెతుక్కోనివ్వడు. అప్పటికీ నచ్చకపోతే బయటవాళ్లకెందుకు, నాకు పంపించు. రిజిస్టర్డ్ పోస్టు ఖర్చు నేనే పెట్టుకుంటాను.

అక్కను అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ మామయ్య