చైనాలో తయారైన జపాన్ కారు ఎవరిది?

ప్రశ్న: 2012లో చైనాలో జపాన్ కంపెనీల షోరూములను, ఫ్యాక్టరీలను జనం తగలబెట్టారని చదివాను. ఆ కార్లు తయారయ్యేది చైనాలోనే, తయారు చేసేది చైనా కార్మికులే కదా! మరి వాటిపై ఎందుకంత కోపం? అలాంటప్పుడు కంపెనీ ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీ సందేహం న్యాయమైనదే. తూర్పు చైనా సముద్రంలోని సెంకాకు దీవులు తమవేనని చైనా వాదిస్తుంది. అక్కడ వాటిని దియావోయు అంటారు. వాటిలో మూడింటిని జపాన్ ప్రభుత్వం 2012 సెప్టెంబరు 11న ప్రైవేటు యజమాని నుంచి కొనడంతో చైనా నగరాలు భగ్గుమన్నాయి. నిర్ణయం టోక్యో ప్రభుత్వానిది. కాలిపోయింది మాత్రం చింగ్‌దావ్‌లోని టొయోటా షోరూము. ఆ ఊళ్లోనే పానసోనిక్ ఫ్యాక్టరీపైనా దాడి జరిగింది. ఇది నన్ను మరీ బాధించే విషయం. 1978లో జపాన్ వెళ్లిన చైనా నేత దెంగ్ షియావోపింగ్, అప్పట్లో మత్సుషితా పేరుతో ఉన్న ఈ కంపెనీ టెలివిజన్ ఫ్యాక్టరీని చూసి, చైనా ఆధునికీకరణకు చేయూతనివ్వమని దాని వ్యవస్థాపకుడు కొనొసుకె మత్సుషితాను స్వయంగా కోరారు. ఆ మాట మన్నించి తొలినాళ్లలోనే చైనాలో అడుగుపెట్టిన సంస్థకు దక్కిన ఫలితమిది.

టొయోటా అక్కడ చైనా ప్రభుత్వ రంగ సంస్థలతో కలిసే కార్లు తయారు చేస్తుంది. ఆ సెప్టెంబరులో దాని అమ్మకాలు, అంతకుముందు ఏడాది అదే నెలతో పోలిస్తే, దాదాపు సగానికి పడిపోయినప్పుడు ఆ నష్టంలో చైనా భాగస్వాములకూ వాటా పడింది. షియాన్‌లో జపాన్ కారు నడుపుతున్న చైనా పౌరుడిని గుంపు తలపై కొట్టి తీవ్రంగా గాయపరిచింది. అలాంటి దాడికి భయపడి, జపాన్ కార్లున్న చాలామంది ‘దియావోయు చైనాదే’ అన్న స్టిక్కర్లను వాటికి అంటించుకుని బయటికి వచ్చారు.

ఇక కంపెనీ ఏం చేయాలన్న ప్రశ్న. షాంఘైలో జపాన్ దుస్తుల సంస్థ యూనిక్లో దుకాణం ఒకదాని అద్దానికి, దీవులపై చైనా వాదనను సమర్థిస్తూ కాగితం అంటించారు. దానిపై జపాన్‌లో దుమారం రేగగా, అది దుకాణ సిబ్బంది సొంతంగా చేసిన పని అని కంపెనీ సంజాయిషీ ఇచ్చుకోవలసి వచ్చింది. గుంపును చూసి భయపడిన ఉద్యోగిని నేను తప్పుపట్టను. కానీ సరిహద్దు తగాదాలో కంపెనీ ఏ పక్షం పలికినా రెండో దేశంలో దోషిగా నిలబడక తప్పదు. నిరసనల్లో దెబ్బతిన్న కార్ల నష్టాన్ని తామే భరిస్తామని ప్రకటించిన నిస్సాన్ చైనా భాగస్వామ్య సంస్థ మార్గమే మేలైనదని నా అభిప్రాయం. దీవుల ఊసెత్తకుండానే అది తన కారు కొన్నవారికి అండగా నిలిచింది. చైనాలోని మంచూరియాను ఆక్రమించడానికి జపాన్ సైన్యం సాకుగా వాడుకున్న 1931 నాటి ముక్దెన్ ఘటన వార్షిక దినమైన సెప్టెంబరు 18న నిరసనలు ఉద్ధృతమవుతాయని ఊహించి చాలా జపాన్ సంస్థలు ముందుగానే దుకాణాలు, ఫ్యాక్టరీలు మూసివేశాయి. సిబ్బంది క్షేమం దృష్ట్యా అదీ సరైన నిర్ణయమే.