క్లెయిమ్ తీసుకోకపోయినా కారు ఇన్సూరెన్స్ పెరిగిందా? ముందు ఎన్‌సీబీ (నో క్లెయిమ్ బోనస్) గడి చూడండి

గుంటూరు నుంచి మీరు అడిగిన ప్రశ్నకి ఇది నా జవాబు. మీ కారుకి యాక్సిడెంట్ లేదు, క్లెయిమ్ లేదు, అయినా రెన్యువల్ తొమ్మిది వేల నుంచి పదమూడు వేలకు పోయిందన్నారు. ఏజెంటేమో "అందరికీ పెరిగాయండీ, కట్టేయండి" అంటున్నాడు. అప్పుడే కట్టకండి. 2025 జనవరిలో నాకు అచ్చం ఇలాగే జరిగింది.

మాది విజయవాడ, పాయకాపురం. 2020లో కొన్న పెట్రోల్ కారు, 1197 సీసీ. అంతకుముందు ఏడాది 8,184 రూపాయలు కట్టాను, కొత్త నోటీసులో 12,857 అని వచ్చింది. ఏజెంటుకి ఫోన్ చేస్తే "బుడమేరు వరదల తర్వాత బెజవాడ బళ్లన్నిటికీ పెంచేశారండీ" అన్నాడు, నేనూ నిజమేననుకున్నాను. కానీ మనసు ఊరుకోక ఆ రాత్రి పాత పాలసీ, కొత్త నోటీసు పక్కపక్కన పెట్టుకుని ఒక్కో లైనూ చూశాను.

థర్డ్ పార్టీ, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి కట్టేది, రెండింట్లోనూ 3,416. అది కేంద్రం నోటిఫై చేసిన రేటు, 1000 దాటి 1500 సీసీ వరకు ఉన్న కార్లకు 2022 జూన్ నుంచి అప్పటికీ అంతే, కంపెనీ తన ఇష్టానికి పెంచడానికి లేదు. ఓన్ డ్యామేజ్, అంటే మన బండికి జరిగే నష్టానికి కట్టేది, నిజానికి 6,400 నుంచి 6,000కి తగ్గింది, బండి పాతబడింది కాబట్టి. మరి పెరిగిందెక్కడ? ఎన్‌సీబీ గడిలో, అంటే క్లెయిమ్ తీసుకోనందుకు ఓన్ డ్యామేజ్ మీద ఇచ్చే తగ్గింపు దగ్గర, సున్నా ఉంది. ముందు ఏడాది 45 శాతం తగ్గింపు ఇచ్చారు, ఐదేళ్లు క్లెయిమ్ లేదు కాబట్టి ఈసారి 50 శాతం రావాలి, అంటే ఆ ఒక్క గడిలోనే మూడు వేలు పోయాయి. కింద నేను అడగని యాడ్ ఆన్‌లు (అదనపు కవర్లు) రెండు, ఇంజిన్ ప్రొటెక్షన్‌కి 820, తాళం చెవి పోతే ఇచ్చేదానికి 330. ఓనర్ డ్రైవర్ పర్సనల్ యాక్సిడెంట్ కవర్‌కి ఇంకో 330. ఆ పదిహేను లక్షల కవర్ నా స్కూటీ పాలసీలో అప్పటికే ఉంది, ఒక మనిషికి ఒకటి ఉంటే సరిపోతుంది, ప్రతి బండికీ కట్టక్కర్లేదు. వీటన్నిటి మీదా 18 శాతం జీఎస్టీ.

ఎన్‌సీబీ ఎందుకు పోయిందో ఆలోచిస్తే అప్పుడు గుర్తొచ్చింది. 2024 సెప్టెంబరు 1న నీళ్లొచ్చినప్పుడు కారు వీధి చివర ఎత్తు మీద ఉండటంతో లోపల కార్పెట్ తడిసిందంతే, అయినా భయపడి కంపెనీకి ఫోన్ చేసి చెప్పాను. నష్టం అంచనా వేసే సర్వేయర్ రావడానికి రోజులు పట్టేలా ఉందని ఆటోనగర్‌లో సొంత డబ్బుతో క్లీన్ చేయించుకుని, క్లెయిమ్ వద్దని వాళ్లకి చెప్పేశాను. ఒక్క రూపాయి తీసుకోలేదు. కానీ ఆ ఫోన్ వాళ్ల రికార్డులో క్లెయిమ్‌గా ఉండిపోయింది. మీరు కూడా ఎప్పుడైనా ఫోన్ చేసి వదిలేశారేమో గుర్తు చేసుకోండి.

ఏజెంటుతో వాదించకుండా కంపెనీ కస్టమర్ కేర్‌కీ, పాలసీ కాగితంలోనే ఉండే గ్రీవెన్స్ ఆఫీసర్ అడ్రస్‌కీ ఒకే మెయిల్ పెట్టాను. పెద్ద కథ రాయలేదు. పాలసీ నంబరు, రెండేళ్ల లెక్క, క్లెయిమ్ క్లోజ్ అయిందని వాళ్లే పంపిన మెసేజ్ ఫోటో పెట్టి, ఎన్‌సీబీ ఎందుకు తీసేశారో రాతపూర్వకంగా చెప్పమని, తాళం చెవి, పర్సనల్ యాక్సిడెంట్ కవర్లు తీసేయమని అడిగాను. నాలుగో రోజు సవరించిన నోటీసు వచ్చింది: 8,538. ఇంజిన్ ప్రొటెక్షన్ మాత్రం నేనే ఉంచుకున్నాను, మా వైపు నీళ్లు చూశాక తీసేయడానికి ధైర్యం చాల్లేదు.

మధ్యలో ఏజెంటు "నేను తొమ్మిది వేలకి చేయిస్తా" అని ఇంకో కొటేషన్ పంపాడు. తీరా చూస్తే ఐడీవీ, అంటే పాలసీలో బండికి కట్టిన విలువ, 3,80,000 నుంచి 2,60,000కి దించేశాడు! అంటే రేపు బండి దొంగల పాలైతే లక్షా ఇరవై వేలు తక్కువ వస్తుంది. ఇది మోసపోవడానికి చాలా తేలికైన చోటు, దయచేసి ఐడీవీ చూడకుండా దేనికీ ఒప్పుకోకండి. వేరే కంపెనీకి మారినా ఎన్‌సీబీ మీతోనే వస్తుంది, కానీ లేని ఎన్‌సీబీ ఉందని రాయించకండి, వాళ్లు పాత కంపెనీని అడుగుతారు, క్లెయిమ్ వేళ మీకే చిక్కు.

మీ ఓన్ డ్యామేజ్ మొత్తమే పెరిగి ఉంటే మాత్రం అది సాధారణంగా కంపెనీ ఇచ్చే డిస్కౌంట్ తగ్గించడం వల్ల, దాని మీద గొడవపడి లాభం తక్కువ, అదే ఐడీవీతో వేరే రెండు కంపెనీల కొటేషన్లు తీసుకోండి.

జవాబు రాకపోతే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నడిపే బీమా భరోసా పోర్టల్‌లో గానీ 155255కి ఫోన్ చేసి గానీ ఫిర్యాదు చేయొచ్చు. కంపెనీకి రాసి నెల దాటినా తేలకపోతే హైదరాబాద్‌లో బీమా తగాదాలు తీర్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు, మన ఆంధ్ర కూడా వాళ్ల పరిధిలోదే, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. నాకు అంతదాకా వెళ్లే పని పడలేదు.

ఒక్కటి మాత్రం మర్చిపోకండి, ఈ టెన్షన్‌లో గడువు దాటనివ్వద్దు. తేలేలోపు ఆఖరి రోజు వచ్చేస్తే కట్టేసి, అభ్యంతరం ఉందని మెయిల్‌లో రాసి తర్వాత పోరాడండి. పాలసీ లేకుండా బండి తీస్తే మొదటిసారికే 2,000 జరిమానా, గడువు ముగిసి 90 రోజులు దాటితే ఉన్న ఎన్‌సీబీ కూడా పోతుంది.

మీ నోటీసులో ఎన్‌సీబీ ఎంత శాతం వేశారు, ఐడీవీ ఎంత ఉంది, బండి ఎన్ని సీసీ? పాతవీ కొత్తవీ రెండూ చెప్పండి, లెక్క వేసి చూద్దాం.