మారుమూల ఆదివాసీ ఊళ్లలో ఫోను ద్వారా గుండె వైద్యం సాధ్యమేనా? నవాహో నేల మీద నేను చూసినది

డాక్టర్ గారూ, పాడేరు వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పని చేస్తున్నానని రాశారు. కొండ మీది ఊళ్లలో బీపీ, గుండె బలహీనత ఉన్నవాళ్లు నెలనెలా కిందికి దిగి రాలేకపోతున్నారు. వారికి ఫోనులో కౌన్సెలింగ్ మొదలుపెడితే నిజంగా మేలు జరుగుతుందా, లేక రిజిస్టరులో అంకెగా మిగిలిపోతుందా అని మీ ప్రశ్న.

నేను ఫార్మసిస్టును. అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రపు పడమటి కొసన, నవాహో ఆదివాసీలకు వైద్యం అందించే ఒక ఆసుపత్రిలో పని చేస్తున్నాను. కొన్నేళ్లుగా గుండె రోగులతో ఫోనులో మాట్లాడటమే నా ప్రధానమైన పని. మేలు జరుగుతుంది, అనుమానం అక్కర్లేదు. అయితే ఆ ఫోను వెనుక మందు, బీపీ యంత్రం, ఇంటిదాకా వెళ్లే మనిషి ఉండాలి. ఈ మూడూ లేకుండా ఉత్త మాటలతో నడిచిన కార్యక్రమాలనూ చూశాను. అవి రోగులను విసిగించాయి తప్ప ఎవరి బీపీనీ దించలేదు.

ముందు నవాహో నేల సంగతి. అరిజోనా, న్యూ మెక్సికో, యూటా రాష్ట్రాల్లో దాదాపు 70,000 చదరపు కిలోమీటర్లు పరచుకుని ఉంది. అంటే తెలంగాణలో సగానికి మించి. అంత మేర కలిపినా అక్కడ ఉండేవారు రెండు లక్షలు లేరు. దాదాపు మూడో వంతు ఇళ్లకు కుళాయి లేదు, డ్రమ్ములు ట్రక్కులో వేసుకుని వెళ్లి నీళ్లు తెచ్చుకుంటారు. కూరగాయలు దొరికే పెద్ద దుకాణాలు మొత్తం మీద డజను పైచిలుకు. మధుమేహం ఇంటింటా ఉంది. అమెరికా ఆదివాసీల గుండె జబ్బుల మీద 1988 నుంచి సాగుతున్న స్ట్రాంగ్ హార్ట్ అధ్యయనం మొదటి నుంచీ తేల్చి చెబుతున్నది కూడా అదే: వీరిలో గుండె జబ్బు మధుమేహంతో పెనవేసుకుని వస్తుంది.

ఫోను వైద్యానికి గట్టి రుజువు కావాలంటే నవాహోలకు వైద్యం అందించే గాలప్, తొహాచీ వైద్య కేంద్రాల పరిధిలో 2023లో జరిగిన పరీక్షను చూడండి. గుండె పంపింగ్ శక్తి తగ్గినవాళ్లు 103 మందిని తీసుకున్నారు. ఈ జబ్బుకు ప్రాణం నిలబెట్టే మందులు నాలుగు రకాలున్నాయి, కానీ ఆసుపత్రికి మళ్లీ మళ్లీ రాలేక చాలామందికి అవన్నీ అందడం లేదు. అందుకని ఇంటికి బీపీ యంత్రం ఇచ్చి, ఫోనులోనే మాట్లాడి మందులు మొదలుపెట్టి, ఫోనులోనే మోతాదు సరిచేశారు. 30 రోజులు తిరిగేసరికి ఫోను వైద్యం అందినవారిలో 66 శాతం మందికి అవసరమైన కొత్త రకం మందు కనీసం ఒకటి చేరింది. మామూలు పద్ధతిలో ఉన్నవారిలో అది 13 శాతమే. ఫలితాలు 2024లో జామా ఇంటర్నల్ మెడిసిన్ పత్రికలో వచ్చాయి. వాళ్లు కొలిచింది మందు అందిందా లేదా అన్నదాన్ని, ఆయుర్దాయాన్ని కాదు. అయినా ఆ మందులు ప్రాణాలు నిలుపుతాయని వేరే పరీక్షల్లో ఎన్నడో రుజువైంది కాబట్టి, అవి ఇంటికి చేరడమే ఇక్కడ అసలు గెలుపని నా ఉద్దేశం. ఇంకో విషయం గమనించండి. అక్కడ వాడింది వట్టి ఫోనే. వీడియో వచ్చేదాకా ఆగుదామనే ఆలోచన మీకుంటే ఇప్పుడే మానుకోండి.

ఇక రోజువారీ పనిలో తెలిసినవి. ఒక పెద్దావిడ ఇంట్లో సిగ్నల్ అందదు. మాట్లాడాలంటే ఇంటి వెనుక గుట్ట ఎక్కాలి. యంత్రాన్ని కూడా సంచిలో వేసుకుని వెళ్లి, గుట్ట మీద రాతిపై కూర్చుని, నాతో మాట్లాడుతూనే చేతికి పట్టీ చుట్టుకునేది. ప్రతిసారీ పై అంకె 160 దాటేది. ఆ అంకెను బట్టి మోతాదు పెంచుకుంటూ పోతే ఆవిడ ఇంట్లో కళ్లు తిరిగి పడిపోయి ఉండేది. గుట్ట ఎక్కిన ఆయాసమూ, మాట్లాడుతూ కొలవడమూ కలిసి ఆ అంకెను పెంచుతున్నాయని పసిగట్టింది ఊరి ఆరోగ్య కార్యకర్త. అప్పటి నుంచి ఆవిడ పొద్దున కాఫీకి ముందే, కుర్చీలో వీపు ఆనించి ఐదు నిమిషాలు కూర్చుని, చెయ్యి బల్ల మీద పెట్టి కొలుచుకుంటుంది. గోడ క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలోనే అంకె రాసుకుంటుంది. ఫోను రోజున ఆ కాగితం పట్టుకుని గుట్ట ఎక్కి చదువుతుంది. ఇంట్లో కొలిస్తే 135/85 లోపు ఉండాలన్నది మేము పెట్టుకున్న హద్దు. ఆవిడ అంకెలు అక్కడక్కడే ఉన్నాయి. మందు పెంచాల్సిన అవసరమే రాలేదు.

ఒంట్లో నీరు తీసే బిళ్ల సంగతి కూడా చెప్పాలి. గుండె వైఫల్యం, అంటే గుండె పంపింగ్ శక్తి తగ్గడం, ఉన్నవాళ్లు ఆ బిళ్ల మానేస్తే కాళ్లు వాచి, ఊపిరి ఆడక ఆసుపత్రి పాలవుతారు. మానేస్తున్నారని తెలిసినప్పుడు చాలామంది వైద్యులు బిళ్ల ప్రాముఖ్యం మళ్లీ వివరిస్తారు. నేను మాత్రం ఏయే రోజుల్లో మానేస్తున్నారని అడుగుతాను. ఊరి నుంచి పట్నానికి రెండు గంటలు ప్రయాణం చేయాల్సిన రోజుల్లో అని తేలుతుంది. దారిలో మరుగుదొడ్డి ఉండదు, పొద్దున బిళ్ల వేసుకుంటే అరగంటకోసారి బండి ఆపాలి. ఆడవాళ్లకు మరీ కష్టం. తిరిగి వచ్చాక మధ్యాహ్నం వేసుకోవచ్చని ఒక్క మాట చెబితే చాలు, సమస్య తీరిపోతుంది. ఎందుకు మానేస్తున్నారో వైద్యుడి ఎదురుగా కూర్చున్నప్పుడు వారి నోట రాదు, సిగ్గు. ఫోనులో, తెలిసిన గొంతుతో, నాలుగో కాల్‌లోనో ఐదో కాల్‌లోనో వస్తుంది. ఫోను ఎంత ముఖ్యమో, ఆ ఫోనులో ప్రతిసారీ ఒకే గొంతు వినబడటం అంతకన్నా ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను. మనుషుల్ని మార్చే కాల్ సెంటర్ పద్ధతి ఈ పనికి పనికిరాదు.

మాట తీరు గురించి. కీడు మాట నోట పలికితే అది జరిగి తీరుతుందని నవాహో పెద్దల్లో బలమైన నమ్మకం ఉంది. వైద్యులు జబ్బు చెడ్డ ఫలితాలను విడమరచి చెప్పడం వారికి ఎంత హాని అనిపిస్తుందో 1995లోనే వైద్య పత్రికల్లో రాశారు. పైన తథాస్తు దేవతలుంటారని మన ఇళ్లలో వింటూ పెరిగిన నాకు ఇది అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. ‘ఈ మందు వేసుకోకపోతే పక్షవాతం వస్తుంది’ అనే మాట నేను అనను. ‘ఈ మందు వేసుకుంటూ ఉంటే మీరు గొర్రెల వెంట నడవగలుగుతారు’ అంటాను. విషయం అదే, వినే మనసు వేరు. అలాగే, ప్రశ్న అడిగాక అవతల మౌనం ఉంటే ఆగాలి. లైను తెగిందేమోనని ‘హలో, హలో’ అంటే ఆలోచించి చెప్పబోతున్న మాట అక్కడే ఆగిపోతుంది. భాషకు మనవరాలినో మనవడినో అడ్డం పెట్టుకోవడం నాకు నచ్చదు. తాతయ్య మూత్రం గురించి మనవరాలి చేత చెప్పించలేం. అందుకే మాకు ఊరి ఆరోగ్య కార్యకర్తలే ప్రాణం. 1968 నుంచీ నవాహోలు సొంత మనుషులతోనే నడుపుకుంటున్న వ్యవస్థ అది. ఇంటికి వెళ్లి యంత్రం పట్టీ సరిగా చుట్టారా, మందుల డబ్బాలు ఖాళీ అవుతున్నాయా అని చూసేది వాళ్లే. నేను ఫోనులో ఎంత చెప్పినా ఆ కళ్లకు సాటి రాదు.

తిండి దగ్గర మాత్రం నాకు ఆవేశం వస్తుంది. పిండిని నూనెలో వేయించిన రొట్టె తిని గుండె పాడుచేసుకుంటున్నారని బయటివాళ్లు తేలిగ్గా అనేస్తారు. 1864లో అమెరికా సైన్యం నవాహోలను వందల కిలోమీటర్లు నడిపించి నిర్బంధంలో ఉంచింది. మొక్కజొన్న పొలాలు, పీచ్ తోటలు తగలబెట్టింది. నిర్బంధంలో ఇచ్చిన రేషను మైదా, పందికొవ్వు. వేయించిన రొట్టె అక్కడ పుట్టింది. ఆ చరిత్ర తెలియకుండా ఆహార సలహా ఇవ్వబోవడం నా దృష్టిలో అవమానించడమే. 2014లో వాళ్ల సొంత ప్రభుత్వం చిరుతిళ్లు, చక్కెర పానీయాల మీద 2 శాతం పన్ను వేసే చట్టం చేసింది. మార్పు కోరే శక్తి వాళ్లలో ఉందనడానికి ఇంకేం కావాలి? నేను ఫోనులో ముందు అడిగేది అలమరలో ఏమున్నాయని. డబ్బా చిక్కుళ్లు ఉంటే ఉప్పునీరు పారబోసి కడిగి వండమంటాను. నీళ్లు మోసుకొచ్చే ఇల్లయితే కడగమనడం కూడా ఆలోచించే చెప్పాలి. అక్కడ నీలం మొక్కజొన్న పిండితో, జూనిపర్ ఆకుల బూడిద కలిపి జావ కాస్తారు, ఆ బూడిదలో కాల్షియం ఉంటుంది. దాన్ని మళ్లీ పొద్దుటి తిండిగా చేసుకోమంటే పెద్దవాళ్ల గొంతులో ఉత్సాహం ఫోనులోనే తెలుస్తుంది.

ఫోను చేయలేనివి కూడా ఉన్నాయి. నాలుగు రకాల మందుల్లో కొన్నింటిని మొదలుపెట్టాక వారం పది రోజుల్లో రక్తంలో పొటాషియం, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడాలి. రక్తం తీసే చోటు దగ్గర్లో ఏర్పాటు చేసుకోకుండా ఆ మందులు ఫోనులో మొదలుపెట్టవద్దు. ఛాతీ నొప్పి, పడుకుంటే ఊపిరి ఆడకపోవడం, ఒక్క రోజులో కిలోకు మించి బరువు పెరగడం: ఇవి వినబడితే కౌన్సెలింగ్ ఆపి ఆసుపత్రికి రప్పించే ఏర్పాటు చూడాలి.

మీ ప్రాంతానికి వస్తే, ప్రభుత్వం నడిపే దూరవైద్య సేవ ఈ-సంజీవని ఉంది. రోగి ఉపకేంద్రానికి వస్తే అక్కడి నుంచి వైద్యుడు దొరుకుతాడు. మీకు కావలసింది దానికి ఎదురు దిశ: మీ కేంద్రం నుంచి రోగికి, రెండు వారాలకోసారి, అదే మనిషి చేసే కాల్. 2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం, ముందే చూసిన రోగికి అదే జబ్బుకు అదనపు మందు ఫోనులో రాయడానికి వీలుంది. నా సలహా, గుండె వైఫల్యంతో కాకుండా బీపీతో మొదలుపెట్టండి, రక్త పరీక్షల బెడద తక్కువ. ఆదివాసీ భాష కువి మాట్లాడే ఊరికి కువి వచ్చిన ఆశా కార్యకర్తే కాల్‌లో ఉండాలి, ఆ పనికి ఆమెకు డబ్బు కూడా ముట్టాలి. ఎండు చేపల ఉప్పు గురించి చెప్పేముందు చోడి (రాగి) అంబలి గురించి మాట్లాడండి. మందు నిల్వ మూడు నెలలకు సరిపడా చేతికి వచ్చాకే మొదటి కాల్ చేయండి. ఫోను చేసి మందు లేదని చెప్పాల్సి వస్తే రెండోసారి ఎవరూ ఎత్తరు. బీపీ పట్టీలు రెండు కొలతల్లో కొనండి, సన్నని చేతికి పెద్ద పట్టీ చుడితే అంకె తక్కువ చూపిస్తుంది. మీ రోగుల్లో ఎందరికి సొంత ఫోను ఉంది, ఎందరు పక్కింటి ఫోను మీద ఆధారపడతారో రాస్తే, కాల్ వేళలు ఎలా పెట్టుకోవాలో ఇంకా వివరంగా చెబుతాను.