లీచేట్ ప్రాజెక్టు మొదలుపెట్టే ముందు, పాపకి

పాపా, నీ మెసేజ్ చూసినా. చెత్త డంపు కింద కారే నల్లనీళ్లని, అదే లీచేట్‌ని, నాచుతో, బ్యాక్టీరియాతో శుభ్రం చేసే ప్రాజెక్టు అంటే శానా సంతోషమయింది. ఆ నీళ్లు బోర్లలోకి దిగితే తాగేది మన పల్లెలోళ్లే కదా.

నాచు రకాల్లో క్లోరెల్లానా సీనెడెస్మసా అని అడిగినావు, దానికి అంత ఆలోచన వద్దు, రెండూ మొండివే. డంపు పక్కన గుంటల అంచుల్లో పచ్చగా నాచు పట్టుంటే అదే తెచ్చుకో, ఆ నీళ్లకి అలవాటు పడినది. బ్యాక్టీరియాకి మురుగునీటి ప్లాంటులో ఒక క్యాన్ యాక్టివేటెడ్ స్లడ్జ్ అడుగు, అంటే బతికున్న బ్యాక్టీరియా ఉండే బురద. ఎండలో నాచు వదిలే ఆక్సిజన్ తీసుకుని బ్యాక్టీరియా కుళ్లుని తింటాది, అది వదిలే కార్బన్ డయాక్సైడ్ నాచుకి పోతాది, గాలి ఊదే బ్లోయర్ కరెంటు మిగిలేది అక్కడే.

నిన్ను ఏడిపించేది అమ్మోనియా. లీచేట్‌లో లీటరుకి వందల మిల్లీగ్రాములు, ఒక్కోచోట వేలల్లో ఉంటాది. పీహెచ్, అంటే నీళ్ల పులుపు-క్షారం కొలత, 7 దగ్గర అందులో విషమయ్యే ఫ్రీ అమ్మోనియా ఒక శాతం కూడా ఉండదు, అదే 9.25కి ఎక్కితే ఇంచుమించు సగం అదే. మన తిరుపతి ఎండకి నాచు జోరుగా పెరిగి కార్బన్ డయాక్సైడ్ అంతా లాగేస్తే మధ్యానానికి పీహెచ్ దానంతటదే ఎక్కిపోతాది, పొద్దున పచ్చగా ఉన్న ట్యాంకు పసుపు తిరిగి ముక్కు మండే వాసన కొడతాది, పిల్లోళ్లేమో నాచు మంచిది కాదనుకుని ఇంకో రకం తెస్తారు. పొద్దున ఒకసారి, మధ్యానం రెండింటికి ఒకసారి పీహెచ్ చూడు, 8 దాటుతాంటే రొంత కార్బన్ డయాక్సైడ్ వదులు.

రంగు నలుపు కాబట్టి వెలుతురు లోపలికి దిగదు, పల్చన చెయ్యాల్సిందే, లోతు 30 సెంటీమీటర్లు దాటనీయొద్దు. పదో వంతు లీచేట్‌తో మొదలుపెట్టి మెల్లగా పెంచు. పల్చన చేసేదానికి బోరు నీళ్లు వద్దమ్మా, ఇళ్ల మురుగునీళ్లు కలుపు, లీచేట్‌లో తక్కువుండే ఫాస్పరస్ కూడా దాంట్లోంచి వస్తాది.

ఇంకోటి, ఇది గట్టిగా చెప్తాండా. అమ్మోనియా తగ్గిందంటే నాచే తినేసిందని రాసేయొద్దు. కొంత గాల్లోకి లేచిపోయుంటాది, కొంత నైట్రేట్ అయ్యుంటాది, కొంత నువ్వు నీళ్లు కలిపినందుకే తగ్గినట్టు కనపడతాది. అందుకే నాచూ బ్యాక్టీరియా వెయ్యని ట్యాంకు ఒకటి అదే పీహెచ్‌లో పక్కనే పెట్టు, నైట్రైట్ నైట్రేట్ రెండూ కొలువు, లీటర్లతో గుణించి మొత్తం ఎన్ని గ్రాములు పోయిందో లెక్క తియ్యి. 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లో వాగుల్లోకి వదిలే లీచేట్‌కి అమ్మోనియా నైట్రోజన్ హద్దు లీటరుకి 50 మిల్లీగ్రాములు, సీఓడీ (నీళ్లలోని కుళ్లుని రసాయనాలతో కాల్చేదానికి పట్టే ఆక్సిజన్ లెక్క) 250 అని పెట్టినారు. పాత డంపు నీళ్లలో బ్యాక్టీరియాకి అరగని సరుకే జాస్తి, సీఓడీ అంత దిగకపోయినా ఉన్నది ఉన్నట్టు రాయి.

తీసిన నాచుని గొడ్లకి, ఆకుకూర మళ్లకి ఇయ్యొద్దు, దాంట్లోకి సీసం కాడ్మియం లాంటివి చేరుంటాయి.

శాంపిల్‌కి ఒక్కదానివే పోవద్దు. గ్లోవ్స్, బూట్లు వేసుకో, సంపులోకి వంగకుండా తాడుతో క్యాన్ దించు, ఐస్ బాక్సులో పెట్టి ఆ రోజే ల్యాబుకి చేర్చు. మే నెలలో ఒకసారి, నవంబరు వానల్లో ఒకసారి తియ్యి, ఎండాకాలం చిక్కటి నీళ్లకి కుదిరిన లెక్క వానాకాలం నీళ్లకి కుదరదు.