పాత 407కి పెద్ద డైనమో వేయించే ముందు చూసుకోవాల్సినవి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: పాత టాటా 407, రాత్రిపూట కూరగాయల లోడు. ముందు ఎల్ఈడీ బార్, క్యాబిన్‌లో బ్లోయర్, పాటలకు ఆంప్లిఫయర్ పెట్టించారు. డాష్‌బోర్డులో బల్బులన్నీ కూడా ఎల్ఈడీకి మార్చారు. మార్కెట్లో దింపి కాసేపు పడుకుని లేస్తే సెల్ఫ్ తిరగడం లేదు. బ్యాటరీ మార్చినా అదే కథ. షాపువాళ్లు పెద్ద డైనమో (ఇంజిన్ తిరిగేటప్పుడు బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్) వేస్తే సరిపోతుందంటున్నారు, వేయించాలా అని అడిగారు.

వేయించొచ్చు, అన్నా. మా ఇంట్లోనూ అదే బండి ఉంది, మదనపల్లె మార్కెట్ నుంచి చెన్నైకి టమాటా తోలుతుంది. దగ్గరుండి ఈ పనంతా చేయించాను, ఇప్పుడు ఏ ఇబ్బందీ లేదు. కాకపోతే డైనమో మార్చడం ఆ పనిలో చివర్లో రావాలి. ముందే డబ్బులు దాని మీద పెడితే, కొత్త డైనమో ఇచ్చే కరెంటు కూడా పాత వైర్లలోనే ఆగిపోతుంది.

ముందు ఒక మల్టీమీటర్ కొనండి, మామూలుది చాలు. పొద్దున్నే బండి స్టార్ట్ చేయకముందు బ్యాటరీ మీద 12.6 వోల్టులు ఉండాలి. 12.2 ఉంటే సగమే ఉన్నట్టు, 12 కంటే తక్కువంటే దాదాపు ఖాళీ. స్టార్ట్ చేసి కొంచెం రేజ్ చేస్తే 13.8 నుంచి 14.4 మధ్య చూపించాలి. ఇప్పుడు లైట్లు, బ్లోయర్, వైపర్ అన్నీ వేసి, ఎర్ర ప్రోబ్ డైనమో వెనక లావు వైరు బిగించే స్టడ్ మీద, నల్ల ప్రోబ్ బ్యాటరీ ప్లస్ మీద పెట్టండి. అక్కడ కనిపించేది ఆ వైరులో నష్టపోతున్న వోల్టేజి. 0.3 దాటితే వైరులోనో, దాని చివర బిగించే లగ్గులోనో తేడా ఉంది. అలాగే డైనమో బాడీకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య చూడండి, అక్కడ 0.2 దాటకూడదు. మా బండిలో స్టడ్ దగ్గర 14.2 ఉంటే బ్యాటరీ దగ్గరికి 13.3 మాత్రమే చేరుతోంది. మా బండికి అన్నిసార్లు బ్యాటరీలు ఎందుకు పోయాయో ఆ ఒక్క లెక్కతో తెలిసిపోయింది.

డాష్‌బోర్డు బల్బుల సంగతి మీరు మాటవరసకు రాశారు గానీ నా దృష్టి మొదట దాని మీదకే పోయింది. ఛార్జింగ్ ఎర్ర లైటు ఉంది చూశారా, చాలా పాత డైనమోలకు మొదటి కరెంటు ఆ బల్బు గుండానే అందుతుంది. స్టార్ట్ చేయగానే డైనమో లోపల తిరిగే రోటర్‌లో అయస్కాంతం పుట్టేది దానితోనే. మామూలు బల్బు తీసి ఎల్ఈడీ పెడితే అంత కరెంటు వెళ్లదు, డైనమో ఛార్జింగ్ మొదలుపెట్టడానికి గట్టిగా రేజ్ చేయాల్సి వస్తుంది, ఒక్కోసారి అసలు మొదలుపెట్టదు. ఆ ఒక్కచోట పాత బల్బు తిరిగి పెట్టించి చూడండి.

ఇంకొకటి, బండి ఆపి ఉన్నప్పుడు బ్యాటరీ దిగిపోతోందేమో చూడాలి. తాళం తీసేసి, బ్యాటరీ మైనస్ వైరు విప్పి, మీటర్‌ని 10 ఆంపియర్ల రేంజ్‌లో ఆ విప్పిన వైరుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్యలో పెట్టండి. మీటర్ అలా ఉండగా సెల్ఫ్ మాత్రం కొట్టొద్దు. 50 మిల్లీ ఆంపియర్లకు మించి లాగుతుంటే ఏదో తింటోంది. ఆంప్లిఫయర్‌ని నేరుగా బ్యాటరీకి కలిపేసి ఉంటారని నా అనుమానం. అది పీకినా తగ్గకపోతే డైనమో లావు వైరు విప్పి చూడండి. అప్పుడు ఆగితే డైనమో లోపల కరెంటు వెనక్కి పోకుండా ఆపే డయోడ్ లీకవుతోంది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా ఛార్జింగ్ చాలకపోతే అప్పుడు పెద్ద డైనమో. హెడ్‌లైట్లు రెండూ కలిపి దాదాపు 10 ఆంపియర్లు, మీ బార్ 120 వాట్లదైతే మరో 10, బ్లోయర్‌కి 6, 7, వైపర్‌కి 4, 5, వెనక లైట్లు, సైడ్ లైట్లు, ఆంప్లిఫయర్ కలిస్తే 40 దగ్గరికి వస్తుంది. మీ డైనమో ప్లేటు మీద 45 అని రాసి ఉన్నా, అది డైనమో నిమిషానికి ఐదారు వేల చుట్లు తిరిగి, చల్లగా ఉన్నప్పటి లెక్క. డీజిల్ ఇంజిన్ నెమ్మదిగా తిరిగేది, డైనమోకి అన్నివేళలా అంత వేగం అందదు. ట్రాఫిక్‌లో స్లోలో నిలబడితే అందులో సగం కూడా రాకపోవచ్చు. అందుకే కొనేటప్పుడు ఎన్ని ఆంపియర్లు అని అడిగి ఊరుకోకండి, స్లోలో ఎంత ఇస్తుందని అడగండి. కొన్ని పెద్ద డైనమోలు స్లోలో పాతదానికంటే తక్కువ ఇస్తాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇప్పుడు చెబుతున్నాను. 407లో డైనమో వెనకాలే గాలి లాగేసే వాక్యూమ్ పంపు ఉంటుంది. బ్రేకు తేలిగ్గా పడేలా చేసే బ్రేక్ బూస్టర్‌కి వాక్యూమ్ అక్కడి నుంచే వస్తుంది. సెకండ్‌హ్యాండ్‌లో తక్కువకు దొరికిందనో, కారుకి సరిపోయేది తెచ్చామనో పంపు లేని డైనమో బిగిస్తే బ్రేకు రాయిలా గట్టిపడిపోతుంది. లోడు బండితో మొగిలి ఘాట్ దిగుతున్నప్పుడు ఆ పరిస్థితి ఎలా ఉంటుందో ఊహించుకోండి. షాపువాళ్లు ఏం చెప్పినా దీంట్లో మాత్రం రాజీ పడొద్దు. మేం అదే బ్రాకెట్‌కి కూర్చునే, వెనక పంపు ఉన్న 75 ఆంపియర్ల డైనమో వేయించాం. పంపుకి ఇంజిన్ నుంచి ఆయిల్ వచ్చే సన్న పైపు, తిరిగి ఇంజిన్ కింద ఆయిల్ ఉండే ఛాంబర్‌లోకి పోయే లావు పైపు రెండూ కొత్తవి పెట్టించండి. ఆ లావు పైపు ఎక్కడా మడత పడకూడదు. తిరిగి వెళ్లే దారి మూసుకుంటే ఆయిల్ సీలు దాటి డైనమోలోకి దిగుతుంది.

మా పాత డైనమోకి జరిగింది సరిగ్గా అదే. ఒక షాపులో రోటర్‌కి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు మార్చడం, కొన్నాళ్లకే మళ్లీ ఛార్జింగ్ పోవడం, మళ్లీ బ్రష్‌లు. చివరికి వేరే మేస్త్రీ విప్పి, లోపల జిడ్డు చూసి, సీలు పోయిందని చెప్పాడు. మీ డైనమో వెనక తడిగా, నల్లగా ఆయిల్ కనిపిస్తే అదే జబ్బు.

బిగించాక బ్రేకు పరీక్ష తప్పనిసరి. ఇంజిన్ ఆపి, పెడల్ గట్టిపడేదాకా నాలుగైదుసార్లు తొక్కండి. కాలు అలాగే నొక్కి ఉంచి స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం కిందికి దిగాలి. దిగకపోతే బండి కదిలించొద్దు.

వైరు విషయానికొస్తే, డైనమో నుంచి బ్యాటరీకి 16 స్క్వేర్ ఎంఎం రాగి కేబుల్ వేయండి. మూడు మీటర్ల పొడవులో 70 ఆంపియర్లు పారితే దాంట్లో పావు వోల్టు పోతుంది, అదే 6 స్క్వేర్ ఎంఎం అయితే 0.65 దాకా పోతుంది. బ్యాటరీ పక్కనే 100 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి, ఎందుకంటే ఆ కేబుల్ ఎక్కడైనా ఒరుసుకుని ఛాసిస్‌కి తగిలితే బండి అంటుకుంటుంది. ఇంజిన్‌కీ ఛాసిస్‌కీ మధ్య ఎర్త్ కొత్తది వేసి, పెయింటూ తుప్పూ గీకి బిగించాలి. హెడ్‌లైట్లకు రిలే (స్విచ్ గుండా కాకుండా బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇచ్చేది) లేకపోతే అదీ పెట్టించండి. మా బండిలో ఆ తర్వాత వచ్చిన వెలుతురు చూస్తే ఎల్ఈడీ బార్ అవసరమే లేదనిపించింది. అసలు ఆ బార్ ఎదుటివాళ్ల కళ్లు కొడుతుంది, చలానా కూడా రాస్తారు. నన్నడిగితే తీసేయండి.

బెల్టు ఒక్కటే కాబట్టి 75, 80 ఆంపియర్లు దాటి వెళ్లొద్దు. స్పీడు కోసం చిన్న పుల్లీ వేస్తామంటారు, బెల్టుకి పట్టు తగ్గి జారుతుంది. బెల్టు తెగితే ఛార్జింగ్‌తో పాటు వాక్యూమ్ కూడా పోతుంది కనుక బండిలో ఎప్పుడూ ఒకటి స్పేర్ ఉంచండి.

ఇంకో మాట, ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి డైనమో పనిచేస్తుందో లేదో చూసే అలవాటు కొందరు మేస్త్రీలకు ఇంకా ఉంది. మీ బండి మీద చేయనివ్వకండి. ఒక్కసారిగా వోల్టేజి పైకి లేచి డయోడ్లు, వోల్టేజిని అదుపులో ఉంచే రెగ్యులేటర్ కాలిపోతాయి.

ముందు ఆ ఛార్జింగ్ బల్బు మార్చి, పైన చెప్పిన రీడింగులు తీసి ఇక్కడే రాయండి. పొద్దున బ్యాటరీ వోల్టేజి, అన్నీ వేసినప్పుడు ప్లస్ వైపు, ఎర్త్ వైపు ఎంత పోతోంది, బండి ఆపినప్పుడు ఎంత లాగుతోంది, ఇవి తెలిస్తే డైనమో అవసరమో కాదో నేను చెప్పగలను.